గాఢత పెంచగానే ఐకప్పాబీ ఆల్ఫా ప్రొటీన్ తెల్లగా విరిగిపోతోంది, ఏం చేయాలి?

ఐకప్పాబీ ఆల్ఫాలోని ఆరు యాంకిరిన్ రిపీట్ల (ఒకే తీరులో మడతపడే, మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు) భాగాన్ని, అంటే 67 నుంచి 287వ అమైనో ఆమ్లం దాకా, ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తున్నాను. 37 డిగ్రీల్లో అంతా ఇన్‌క్లూజన్ బాడీల్లోకే (కరగని ప్రొటీన్ ముద్దల్లోకే) పోయింది. 18 డిగ్రీల్లో, 0.1 మిల్లీమోలార్ ఐపీటీజీతో (ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం) రాత్రంతా ఉంచితే కరిగే ప్రొటీన్ వచ్చింది. ప్రొటీన్‌ను శుద్ధిచేసే నికెల్ కాలమ్ దాటేదాకా బాగానే ఉంటోంది. గాఢత పెంచడానికి సెంట్రిఫ్యూజ్‌లో పెడితే, పది నిమిషాల్లో ఫిల్టర్ దగ్గర పాలు విరిగినట్టు తెల్లటి పొర కడుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

10 శాతం గ్లిసరాల్, 1 మిల్లీమోలార్ డీటీటీ (ప్రొటీన్ ఆక్సీకరణ చెందకుండా ఆపే రసాయనం), 50 నుంచి 300 మిల్లీమోలార్ దాకా ఉప్పు, పీహెచ్ 7.5, 8 అన్నీ చూశాను. 5, 6 రిపీట్లు ఎన్‌ఎఫ్‌కప్పాబీ (ఐకప్పాబీ ఆల్ఫా కణంలో పట్టి ఉంచే ప్రొటీన్) అతుక్కునేదాకా సరిగ్గా మడతపడవు కాబట్టి, నా అనుమానం వాటిమీదే. 254వ టైరోసిన్‌ను ల్యూసిన్‌గా, 257వ థ్రియోనిన్‌ను అలనిన్‌గా మారిస్తే మడత మరింత స్థిరంగా ఉంటుందని తెలుసు. కానీ నాకు సహజరూపమే కావాలి.

మ్యుటేషన్ లేకుండా దీన్ని 2 మి.గ్రా./మి.లీ. దాకా కరిగి ఉండేలా చేసినవారు ఏ బఫర్ వాడారు?