పోలేపల్లిల ట్రైనీగ చేరిన. ప్రొబేషన్ల అసలు ఏం చూస్తరు?

పాలమూరు_బీఎస్సీ:
అన్నలకు, అక్కలకు నమస్తే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల మందు గోలీల కంపెనీ, కంప్రెషన్ సెక్షన్ (పొడిని ఒత్తి గోలీలు చేసే కాడ). మంచి ఉద్యోగి అనిపిచ్చుకో అని అందరు అంటున్నరు. మిషన్ ముందట నిలబడ్డప్పుడు అది ఏ పనిల కనబడుతది? స్పీడుగ చేసుడా, ఎక్కువసేపు ఉండుడా?

షిఫ్ట్_ఇంచార్జి:
రెండూ కాదు తమ్మీ. నువ్వు రాసిన అంకెను కండ్లు మూసుకొని నమ్మేటట్టు ఉండాలె.

అర్ధగంటకోసారి బరువు చూడుమని బ్యాచ్ తయారీ రికార్డు, అంటే బీఎంఆర్‌ల ఉన్నదనుకో. 10:30 తూకం మర్చిపోయి 10:52కు తీసినవ్. టైం గడిల 10:30 అని రాస్తే, తూకం మిషన్ ప్రింట్ల 10:52 అని పడే ఉంటది. ఆలస్యమైతే 10:52 అనే రాయి, ఎందుకైందో రాయి, సూపర్వైజర్‌కు చెప్పు. ఆలస్యానికి జవాబు ఉంటది. టైం మార్చినదానికి ఉండదు, నువ్వు సంతకం వెట్టిన పాత బ్యాచులు సుత బయటికి తీస్తరు.

చిట్టి మీద రాసుకొని తర్వాత ఎక్కిచ్చుడు వద్దు. తప్పు పడితే ఒక్కటే గీత కొట్టు, కింది అంకె కనబడాలె. పక్కన సరైనది, కారణం, సంతకం, తేదీ. వైట్నర్ ముట్టనే ముట్టకు.

క్యూఏ_అక్క:
బరువు తప్పినప్పుడు ఏం చేస్తవన్న కాడ మనిషి తెలుస్తడు. ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) లెక్కల, సగటు బరువు 250 మి.గ్రా., ఆపైన ఉన్న పూత లేని గోలీకి 5 శాతం అటుఇటు. 20 గోలీలల్ల రెండింటికి మించి ఆ హద్దు దాటొద్దు, ఒక్కటి సుత 10 శాతం దాటొద్దు. కంపెనీ పెట్టుకునే హద్దు ఇంకా ఇరుకు, నీకు అదే లెక్క.

500 మి.గ్రా. గోలీకి మీ హద్దు 480 నుంచి 520 అనుకో. 468 వచ్చింది. కొత్తోళ్లు ఇంకో గోలీ తీసి తూస్తరు, మంచిగొస్తే అదే రాస్తరు. అట్ల చెయ్యకు. 468 రాయి, మిషన్ ఆపు, చెప్పు. పోయినసారి బరువు సక్కగొచ్చిన టైం నుంచి పడ్డ గోలీలన్ని వేరే డబ్బాల పెట్టి లేబుల్ అంటియ్యి. హాపర్ల (మిషన్‌కు పొడి పోసే గిన్నె) పొడి తగ్గిందా, పొడి జారుతలేదా, పంచ్ (గోలీని ఒత్తే కడ్డీ) అరిగిందా అన్నది ఆ తర్వాత చూస్తరు.

ఇంకోటి, విరేచనాలున్నా చేతికి పుండున్నా ముందే చెప్పు. గోలీలు తెరిచి ఉండే గదిలకు అప్పుడు పోవద్దు.

నైట్‌షిఫ్ట్:
షిఫ్ట్ మారేటప్పుడే ఎక్కువ చెడిపోతది. మహబూబ్‌నగర్ బస్సు పోతదని "అంత ఓకే అన్నా" అనుకుంట ఉరుకుతరు. మిషన్ కాడనే నిలబడి చెప్పాలె: బ్యాచ్ నంబరు, నిండిన డబ్బాలెన్ని, పక్కన పెట్టినవెన్ని, తర్వాతి తూకం ఎన్నిటికి. నువ్వు తీసుకునేటప్పుడు డబ్బాలు నువ్వే లెక్కవెట్టుకో, ఆ తర్వాతనే సంతకం.

పాలమూరు_బీఎస్సీ:
సీనియర్ "చెక్డ్ బై కాడ నా సంతకం నువ్వే పెట్టు" అంటే?

షిఫ్ట్_ఇంచార్జి:
పెట్టకు తమ్మీ. "అన్నా, మీరొచ్చి చూసి పెట్టుండ్రి, అప్పటిదాక ముందటి పని ఆపుత" అని మర్యాదగ చెప్పు. మళ్ల మళ్ల అడిగితే సూపర్వైజర్ కాడికి పో.