అప్‌డేట్: మడత చాకులో విరిగిన వెన్ను స్ప్రింగు

మా తాతగారు వాడిన, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన మడత చాకులో వెన్ను స్ప్రింగు (పిడి వెన్ను వెంట ఉండి, బ్లేడును తెరిచినా మూసినా బిగించి పట్టే ఉక్కు పట్టీ) విరిగిందని, వెల్డింగుతో అతికించవచ్చా అని లోగడ అడిగాను. వద్దన్నవారి మాటే విన్నాను, ఎందుకంటే ఆ వేడికి చుట్టూ ఉన్న ఉక్కు గుణం మారిపోయి, బ్లేడు తెరిచిన ప్రతిసారీ వంగవలసిన ఆ సన్నని పట్టీ మళ్లీ అక్కడే విరుగుతుంది.

నల్లగొండలో వ్యవసాయ పనిముట్లు చేసే ఒక కమ్మరి పాత ఆకురాయిని ఎర్రగా కాల్చి, బూడిదలో నెమ్మదిగా చల్లార్చి, పళ్ల గాట్లు ఒక్కటీ మిగలకుండా అరగదీసి (పగుళ్లు మొదలయ్యేది వాటి నుంచే), విరిగిన ముక్కల కొలతకు కొత్త స్ప్రింగు కోశారు. తర్వాత అయస్కాంతం అంటనంతగా కాల్చి నూనెలో ముంచారు. అప్పటికది గాజులా పెళుసు. అందువల్ల పైభాగాన్ని తళతళలాడేలా రుద్ది, ఎండుగడ్డి రంగు, ఊదా రంగు దాటి నీలం తిరిగేదాకా, అంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌కు, మళ్లీ వేడిచేశారు.

నన్ను భయపెట్టింది మాత్రం పిడిని, స్ప్రింగును కలిపి పట్టే రివెట్లు తీయడమే. ఎండిపోయిన కొమ్ము పిడి సుత్తి దెబ్బకు బీటలు వారుతుంది కనుక, రివెట్ల తలలు అరగదీయించి వాటిని మెల్లగా బయటికి నెట్టించాను.

ఇప్పుడు బ్లేడు టక్కుమని తెరుచుకుంటోంది, మూసినప్పుడు మాత్రం కొత్త స్ప్రింగు పిడి అంచుకన్నా వెంట్రుకవాసి ఎత్తుగా నిలుస్తోంది. స్ప్రింగు మార్చిన చాకుకు సేకర్తలు తక్కువ ధర కడతారు. నాకు అమ్మే ఉద్దేశం లేకపోయినా, ఏది అసలుదో తెలియాలని పాత ముక్కలను చాకుతోపాటే ఉంచాను.