సమస్యాపూరణం: నీట మునిఁగి కూడ నెండిపోయె

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీవి.

నీట మునిఁగి కూడ నెండిపోయె

షరతు ఒక్కటే. పద్యం మన ఏటి ఒడ్డు దాటకూడదు. నాగావళి కావచ్చు, వంశధార కావచ్చు. ఆ గట్ల మీది ఊళ్లు, గుళ్లు, పండగలు, చేతిపనులు ఏవైనా సరే. కాశీకి వెళ్లి గంగలో ముంచకండి.

కాలు జారే చోట్లు ముందే చెబుతున్నా. ‘మునిఁగి’ క్త్వార్థకం, అంటే ‘వచ్చి’, ‘చేసి’ లాంటి ముగియని క్రియ. మునిగినదెవరో ఎండినదీ వాళ్లే కావాలి. మనిషి మునిగి పంచె ఎండితే ఒప్పుకోను. రెండోది ‘కూడ’. అది గణం (పాదంలో గురులఘువుల గుంపు) నింపడానికి వేసింది కాదు. మునిగినా ఎండిందే అన్న ఆశ్చర్యం పద్యంలో పుట్టాలి. ‘మునిఁగి’ దగ్గర వాక్యం తెగదు కాబట్టి క్రమాలంకారానికి (ముందు వరసగా ప్రశ్నలు వేసి, సమస్యలోని మాటల్నే అదే వరసలో జవాబులు చేయడానికి) ఇక్కడ చోటు లేదు, ప్రయత్నించి టైం పోగొట్టుకోకండి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వంశధార చక్కగా రెండు సూర్యగణాలు (గురువు పక్కన లఘువు, లేదా మూడు లఘువులు; గురువంటే బరువుగా పలికే అక్షరం, లఘువంటే తేలికగా పలికేది). నాగావళికి మొదట్లోనే రెండు గురువులు. సరిపాదంలో అయిదూ సూర్యగణాలే కాబట్టి అక్కడ ఎంత తోసినా పట్టదు. బేసిపాదం చివర వచ్చే రెండు ఇంద్రగణాల్లో (వీటిలో రెండు గురువులతో మొదలయ్యేదీ ఉంది) పెట్టుకోండి.

గుడివీధి:
మా కోటేశ్వరుడి రేవు మీద రాశానండి. కార్తీక సోమవారాల్లో చూసేదే.

నడచి కార్తికమున నాగావళికి వచ్చి
కోటిదేవుఁ దలఁచి కూడి జనులు
స్నానమాడినంత జన్మల పాపమ్ము
నీట మునిఁగి కూడ నెండిపోయె

నిర్వాహకుడు:
గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) సరిగ్గా ఉన్నాయి. స్నా, జ లకు యతి బాగా కుదిరింది. నాగావళిని నాలుగో గణంలో కూర్చోబెట్టిన తీరు మిగతావాళ్లు చూడండి. భావం దగ్గరే పేచీ. పాపం నీట మునిగితే కరగాలి, లేదా కొట్టుకుపోవాలి. ఎండడం దాని లక్షణం కాదు. ఎండే వస్తువేదో పాపానికి తగిలించాలి.

రాజాం మాస్టారు:
చెట్టుగా ఊహిస్తే సరి. మూడో పాదం ఇలా మార్చి చూడండి బాబూ:

స్నానమాడ వారి జన్మపాపపు వేరు

వేరు నీళ్లలో ఉంటే చిగురించాలి. ఇది ఎండింది. ‘కూడ’కి పని దొరికింది.

గుడివీధి:
మాస్టారూ, పద్యం మీదే అయిపోయింది! ‘కోటిదేవుడు’ మాత్రం నాకే నచ్చలేదు. ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి అలా కుదించడం అన్యాయం. కోటేశ్వర అన్నా మొదట రెండు గురువులే కదా, సూర్యగణంలో పట్టలేదు.

ఆమదాలవలస కుర్రాడు:
నాగావళి పుట్టుక మీద నాది. కరువు తీర్చడానికి బలరాముడు నాగలితో దున్ని ఏరు తెచ్చాడనే కదా మన స్థలపురాణం.

హలముఁ బట్టి దున్ని హలి తెచ్చె నీయేఱు
ఐదు లింగములను నచట నిలిపె
కార్యమైన పిదపఁ గఱ్ఱు గట్టునఁ బెట్ట
నీట మునిఁగి కూడ నెండిపోయె

గార ఆడపడుచు:
‘అచట’ అంటే ఎచట తమ్ముడూ? అయిదు లింగాలూ ఒక్కచోటే నిలిపినట్టుంది చదువుతుంటే.

ఆమదాలవలస కుర్రాడు:
అయిదు ఊళ్ల పేర్లు ఒక పాదంలో ఎలా పెట్టమంటావక్కా? పై నుంచి వస్తే ఒడిశాలో రాయగడ దగ్గర పాయకపాడు, తర్వాత జంఝావతి వచ్చి కలిసే చోట గుంప సోమేశ్వరుడు, సువర్ణముఖి, వేగావతి కలిసే చోట సంగాం సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో కోటేశ్వరుడు, సముద్రం దగ్గర కల్లేపల్లిలో మణినాగేశ్వరుడు.

రాజాం మాస్టారు:
2022లో జిల్లాలు విడగొట్టాక ఈ అయిదుగురూ చెల్లాచెదురయ్యారు. గుంప పార్వతీపురం మన్యంలోకి, సంగాం విజయనగరంలోకి వెళ్లాయి. చివరి రెండే శ్రీకాకుళానికి మిగిలాయి. పాయకపాడైతే ఎప్పుడూ పక్క రాష్ట్రమే. బలరాముడు ఇప్పుడొస్తే ఏ కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకోవాలో!

నిర్వాహకుడు:
మాస్టారు నవ్వించారు గానీ, పద్యం సంగతికొద్దాం. మొదటి రెండు పాదాలు బాగా నడిచాయి. ‘హలి తెచ్చె నీయేఱు’ అనగానే చెవికి ఇంపుగా ఉంది. మూడో పాదంలో కథంతా జారిపోయింది. గట్టున పెట్టాక కర్రు ఎండక ఏం చేస్తుంది? తడిపి ఆరేసిన గోచీ కూడా ఎండుతుంది. ఇంత పెద్ద పురాణం ఎత్తుకుని చివరికి తడి ఆరిందని చెబితే సమస్య పూరించినట్టు కాదు.

ఆమదాలవలస కుర్రాడు:
కర్త ఒకటే ఉంది కదండి. మునిగింది కర్రే, ఎండింది కర్రే.

నిర్వాహకుడు:
ఉంది. వ్యాకరణం పాసైంది, చమత్కారం ఫెయిలైంది. మళ్లీ రాయి. నీ దగ్గర సరుకుంది.

నరసన్నపేట:
ఆటవెలది రాయడం నాకు ఇదే మొదలు. తప్పులుంటే తిట్టకుండా చెప్పండి.

వంశధారలోన వానకాలము వచ్చు
నాగావళిలోన వరద వచ్చు
ఇసుకతిన్నె మునిఁగె నెండకాలము రాఁగ
నీట మునిఁగి కూడ నెండిపోయె

నిర్వాహకుడు:
ఒకటి, మూడు పాదాలు నిక్షేపం. ఇ, ఎ ల స్వరయతి మొదటి పద్యంలోనే పట్టుబడిందంటే చెవి ఉన్నట్టే. రెండో పాదంలో నేను ముందే చెప్పిన గోతిలో పడ్డారు. ‘నాగా’ రెండు గురువులు, అక్కడ సూర్యగణం లేదు. నా, వ లకు యతి కూడా లేదు. ‘వఱద నిండి పాఱు వనధి వఱకు’ అని పెట్టుకోండి. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి వనధి కూడా అబద్ధం కాదు. ‘మునిఁగె’, ‘మునిఁగి’ పక్కపక్కనే పడ్డాయి, అది చూసుకోండి.

ఆమదాలవలస కుర్రాడు:
అందరూ అరసున్నలు, బండి రాలు వేస్తున్నారు. 1863లో ముఖలింగం పక్కన పర్వతాలపేటలో వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన గడ్డ కదండీ ఇది? ఆయన చూస్తే ఏమంటారో!

నిర్వాహకుడు:
మాటల్లో ఎవరూ వాడట్లేదుగా. పద్యంలో ఉంటే ఉండనీ, వద్దనుకున్నవాళ్లు తీసేయొచ్చు, మార్కులు తగ్గించను.

రాజాం మాస్టారు:
గిడుగు వారి పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నా. వంశధార గట్టున శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో లోకానికి చూపించింది ఆయనే. స్తూపాలు, చైత్యాలు, తార, మారీచి విగ్రహాలు దొరికిన చోటు. దాని మీద ఒక్కరూ రాయలేదేం?

గార ఆడపడుచు:
మా పక్కదే మాస్టారూ. కొండ మీద ఉంది, ఏట్లో ఎలా ముంచను? నేను పోలిపాడ్యమి తీసుకున్నాను. కార్తీక అమావాస్య మర్నాడు తెల్లారకముందే ముప్పై వత్తులు వెలిగించి ఏట్లో వదులుతాం కదా.

పోలిపాడ్యమికిని పొద్దున నదిలోన
అరటిదొప్ప విడిచె నమ్మ భక్తి
తేలి తేలి నిలిచెఁ దిన్నెపై నాదొప్ప
నీట మునిఁగి కూడ నెండిపోయె

గుడివీధి:
ఆహా! చదువుతుంటే దొప్ప కళ్ల ముందే వెళ్తోంది. ఒక్కటే డౌటు. తేలి తేలి వెళ్లింది మునగలేదు కదండీ?

గార ఆడపడుచు:
సగం మునుగుతుందండి. దీపం బరువుకి అంచు దాకా నీళ్లొస్తాయి. వదిలేటప్పుడు చెయ్యి తీస్తుంటే ఆ టెన్షన్ మాకు తెలుసు.

నిర్వాహకుడు:
చూసినవాళ్లకి తెలుస్తుంది, పద్యం చదివేవాళ్లకి తెలియదు. ‘తేలి’ అన్న మాట ‘మునిఁగి’తో తగువు పెట్టుకుంటోంది. ‘తిరిగి తిరిగి నిలిచె’ అంటే గణాలూ యతీ చెడవు, సుడి కూడా కనిపిస్తుంది. నాకు ఇందులో బాగా నచ్చింది తిన్నె. వానలు వెనకబట్టి ఏరు తగ్గి ఇసుక తేలే రోజులవి. పండగ తిథి, ఏటి తీరు రెండూ కలిసొచ్చాయి. అరటిదొప్ప నీళ్లలోనే ఉండి పచ్చగా ఉంటుందనుకుంటాం, తిన్నె పట్టేసింది. ‘భక్తి’ని ‘భక్తితో’ అని అర్థం చేసుకోవాల్సి వస్తోంది. అక్కడ విభక్తి కరువైంది, ఇంకోసారి చూడండి.

బొబ్బిలి:
అరసవల్లి లేకుండా ఎలా? రథసప్తమికి అర్ధరాత్రి క్షీరాభిషేకం మొదలవుతుంది. అప్పటికే క్యూ ఎక్కడుంటుందో అనుభవించినవాళ్లకి తెలుసు.

రవిని జూడ వచ్చి రథసప్తమి దినాన
పుష్కరిణిని గొంతు ముంచి లేచి
బారు కదలదాయె భక్తుని కంఠమ్ము
నీట మునిఁగి కూడ నెండిపోయె

నరసన్నపేట:
పు, ము లకు యతి చెల్లుతుందాండి?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. ఉత్వం ఉన్నప్పుడు పు, బు, ము లకు మైత్రి ఉంది.

గుడివీధి:
ఇంద్రపుష్కరిణి ఏరు కాదు కదా, షరతు మాటేమిటి?

నిర్వాహకుడు:
అరసవల్లి నాగావళికి ఎంత దూరం? వదిలేద్దాం. కంఠం మునిగింది, కంఠమే ఎండింది, నీళ్లు దిగి వచ్చిన గొంతు దాహంతో ఎండింది కాబట్టి ‘కూడ’ నిలబడింది. తప్పు వేరేచోట ఉంది. ‘వచ్చి, ముంచి, లేచి’ అంటూ వరసగా మూడు క్త్వార్థకాలు పెట్టి ‘బారు కదలదాయె’ అన్నారు. వచ్చి మునిగి లేచింది బారా? రెండో పాదం చివర ‘ముంచినాఁడు’ అని ముగించండి, వాక్యం అక్కడ ఆగుతుంది, గణం అదే.

బొబ్బిలి:
నిజమే సుమండీ! సమస్యలో చెప్పిన సూత్రమే పైన తప్పాను.

పొందూరు:
కొంచెం ఆలస్యమైంది. మా ఊరు నాగావళి గట్టు మీద లేదు, అయినా ఒప్పుకుంటారని రాశాను.

పత్తి దువ్వునట్టి పనిముట్టు పొందూర
వాలుగయను చేప వంపు దవడ
ఈది యాడి తిరిగె నెల్లకాలము తాను
నీట మునిఁగి కూడ నెండిపోయె

రాజాం మాస్టారు:
శభాష్! దీని కోసమే కూర్చున్నాం ఇన్నాళ్లూ.

నరసన్నపేట:
చేప దవడతో పత్తి దువ్వడమేంటండి?

పొందూరు:
గింజ మీదున్న పత్తిని దాంతోనే దువ్వుతారు. వాలుగ దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, ఇనుప దువ్వెనకి ఆ మెత్తదనం రాదు. పోగు తెగదు, నలకలు రాలిపోతాయి. గాంధీ గారు మెచ్చిన మా సన్న ఖద్దరుకి ఆ దవడే మొదటి మెట్టు. వాడి వాడి అరచెయ్యి తగిలే చోట ఎముక నున్నగా, పసుపు పచ్చగా అయిపోతుంది.

బొబ్బిలి:
చిన్న ఆక్షేపణ. ఈదింది చేప. దవడ ఈదదు. ‘తాను’ ఎవరు?

నిర్వాహకుడు:
నేనూ అక్కడే ఆగాను. రెండో పాదంలో ప్రధానం దవడ. మూడోపాదంలో మనసు చేప మీదికి పోతోంది, నాలుగో పాదంలో ఎండింది మళ్లీ దవడ. కర్త చేతులు మారాడు. ఈ పద్యం అంత బాగుంది కాబట్టే అడుగుతున్నా, మూడోపాదం దవడ చేతిలోనే ఉంచగలరా?

పొందూరు:
ఇలా అయితే?

పత్తి దువ్వునట్టి పనిముట్టు పొందూర
వాలుగయను చేప వంపు దవడ
చేపనోట నుండి జీవమున్నన్నాళ్లు
నీట మునిఁగి కూడ నెండిపోయె

గార ఆడపడుచు:
‘నోట నుండి’ అంటే నోట్లో ఉండి అనే కదా, నోటి నుంచి అనుకోవచ్చేమో.

రాజాం మాస్టారు:
తర్వాతి మాట ‘జీవమున్నన్నాళ్లు’ ఉంది కాబట్టి ఆ అనుమానం రాదమ్మా. చే, జీ యతి చూశారా, ఎంత సాఫీగా వచ్చిందో.

నిర్వాహకుడు:
ఈ వారం పద్యం ఇదే. గుడి లేదు, పండగ లేదు, మునక కోసం ఎవరినీ రేవుకి తీసుకెళ్లలేదు. ప్రాణం ఉన్నన్నాళ్లూ నీళ్లలో ఉన్న వస్తువు ఇప్పుడు పొడి పత్తిలో తిరుగుతోంది. సమస్యలో ఒక్క అక్షరం కూడా వృథా పోలేదు. రెండో స్థానం అరటిదొప్పకి, ఆ ‘భక్తి’ని సరిచేసి పంపితే. ఆమదాలవలస కుర్రాడు మళ్లీ రాస్తానన్నాడు, ఎదురుచూస్తున్నా.

వచ్చే వారానికి తేటగీతి, నాలుగో పాదం:

భానుఁడే మ్రొక్కె భానుని పాదములకు

బొబ్బిలి:
ఇదేం సమస్యండీ! మార్చిలో, అక్టోబరులో అరసవల్లి వెళ్తే కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. అయిపోయింది పద్యం.

నిర్వాహకుడు:
అందుకే ఈసారి అరసవల్లి నిషేధం.