రోమ్‌లో కప్పు కొట్టినవాడు పారిస్‌లో మొదటి రౌండ్‌లోనే ఎందుకు పోతాడు?

బేస్‌లైన్_బాబు:
రష్యా టెన్నిస్ ఆటగాడు మెద్వెదెవ్ లెక్క ఎంతకీ తేలట్లేదు. 2017 నుంచి 2020 దాకా పారిస్‌లో జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌లో నాలుగుసార్లు దిగి నాలుగుసార్లూ మొదటి రౌండ్‌లోనే ఇంటికి. 2021లో ఏకంగా క్వార్టర్స్. 2023లో రోమ్ టైటిల్, ఫైనల్లో రూన్ మీద 7-5, 7-5. పది రోజులు తిరక్కుండానే పారిస్‌లో రెండో సీడ్‌గా వచ్చి, అర్హత పోటీలు ఆడి వచ్చిన (క్వాలిఫయర్) సెబోత్ వైల్డ్ చేతిలో ఐదు సెట్లలో అవుట్. 2025లో మళ్ళీ మొదటి రౌండ్, ఈసారి నోరీ. ఫామ్ పోయిందనుకుందామంటే పది రోజుల్లో ఎంత పోతుంది? రెండు చోట్లా అదే ఎర్రమట్టి కదా?

ఎర్రమట్టి_రంగడు:
తిరకాసంతా ఆ "అదే మట్టి" దగ్గరే ఉందండీ. ఫ్రెంచ్ ఓపెన్ ఆడే రోలాండ్ గారోస్‌లో మనకు కనిపించే ఎరుపు ఇటుకపొడి మందం 1 నుంచి 2 మిల్లీమీటర్లే. దాని కింద సున్నపురాయి పొడి, ఇంకా కింద బొగ్గు కిట్టం, కంకర. పైపొర పలచన కాబట్టి కోర్టు నడత తడిమీద ఆధారపడుతుంది. నీళ్ళు చల్లిన గంటకీ, ఎండా గాలీ కొట్టిన మూడు గంటలకీ అది ఒకే కోర్టు కాదు.

ఆరితే బంతి ఎగురుతుంది. టాప్‌స్పిన్ బంతి, అంటే ముందుకు తిరిగేలా కొట్టినది, భుజం మీదికి వస్తుంది. తడిగా ఉంటే అదే బంతి నడుము దగ్గరే ఆగుతుంది. మెద్వెదెవ్‌లా ఫ్లాట్‌గా, అంటే పెద్దగా స్పిన్ లేకుండా, కొట్టేవాడికి కావలసిన ఎత్తు అదే. 2023 రోమ్ వారమంతా వానలే. పారిస్ మ్యాచ్ నాడు పొడి, గాలి. నోట్లో మట్టి పడిందని మెద్వెదెవ్ తర్వాత తనే చెప్పుకున్నాడు. మన భాషలో రెండర్థాలూ సరిపోయాయి.

స్పిన్ సంగతి కూడా చూడండి. స్పిన్ లేని బంతిని నేల గట్టిగా పట్టుకుంటే, ముందుకు పోయే వేగంలో దాదాపు మూడో వంతు అక్కడే పోతుంది. టాప్‌స్పిన్ బంతి ముందే ఆ దిశలో తిరుగుతూ దిగుతుంది కాబట్టి దానికి అంత నష్టం ఉండదు. హార్డ్ కోర్టులో విన్నరయ్యే ఫ్లాట్ షాట్ ఇక్కడ అవతలివాడికి తీరిగ్గా అందుతుంది.

ఫోర్‌హ్యాండ్_పిచ్చోడు:
రంగడు గారూ, అంతా వాతావరణం మీదకి నెట్టేస్తే ఎలా? స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్‌దీ ఫ్లాట్ ఆటే. 2009 రోమ్‌లో నాదల్ చేతిలో 6-1, 6-0తో ఓడాడు. కొన్ని వారాలకే పారిస్‌లో అదే నాదల్‌ని నాలుగు సెట్లలో పడగొట్టి ఫైనల్ దాకా వెళ్ళాడు. 193 సెంటీమీటర్ల మనిషి, పైకి లేచే బంతిని వెనక్కి తగ్గకుండా ఎదురెళ్ళి కొట్టాడు. మెద్వెదెవ్ అంతకన్నా పొడుగు, 198. కానీ సర్వ్ తిప్పికొట్టడానికి బేస్‌లైన్‌కి (కోర్టు చివరి గీతకి) చాలా వెనక నిలబడతాడు. అంత దూరంలో ఉన్నవాణ్ణి ఎత్తుగా ఎగిరే కిక్ సర్వ్‌తో బయటికి లాగి, తర్వాతి బంతి నెట్ దగ్గరే పడే డ్రాప్ షాట్ వేస్తే కోర్టంతా ఖాళీ. ఆ రెండూ ఆ రోజు పడేవాడు ఎదురైతే ఓటమి, పడనివాడైతే గెలుపు. నా లెక్కలో అనిశ్చితి అంతా డ్రాలోనే, అంటే ఎవరు ఎదురవుతారన్నదానిలోనే, ఉంది.

రెండోది కాళ్ళు. మట్టిమీద స్లైడ్ షాట్‌కి ముందే మొదలై, బంతి తగిలేసరికి ముగింపుకి రావాలి. హార్డ్ కోర్టు అలవాటున్నవాళ్ళు పరిగెత్తి, కొట్టి, ఆ తర్వాత జారతారు. బంతి తగిలేటప్పుడు ఒళ్ళు నిలకడగా ఉండదు, వెనక్కి రావడానికి ఒక అడుగు ఆలస్యం. ఐదు సెట్లలో అది కూడుతూ పోతుంది.

గట్టింగ్_గురు:
ఇద్దరూ బంతిని వదిలేశారు. కొత్త బంతి 56 నుంచి 59.4 గ్రాములు. మొదట ఏడు గేములకి, తర్వాత ప్రతి తొమ్మిదికి మారుస్తారు. ఈలోగా తడికోర్టులో నూగు ఉబ్బి, మట్టి పట్టి బంతి బరువెక్కుతుంది. రాత్రి మ్యాచ్‌లలో ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు రాకెట్ గట్స్ టెన్షన్ (తీగల బిగువు) 2 నుంచి 4 పౌండ్లు తగ్గిస్తే బంతి లోతుగా పడుతుంది. రోమ్‌కి ముందు ఆడే మాడ్రిడ్ మట్టి టోర్నీలో ఇది సరిగ్గా తిరగబడుతుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తు, గాలి పలచన, బంతి దూసుకుపోతుంది, కాబట్టి టెన్షన్ పెంచాలి. మాడ్రిడ్ నుంచి రోమ్‌కి, అక్కణ్ణుంచి పారిస్‌కి నెల తిరక్కుండా వెళ్ళాలి. స్పిన్ ఆటగాడి బంతి నెట్ మీద ఎత్తుగా పోతుంది, టెన్షన్ కాస్త అటూఇటైనా లోపలే పడుతుంది. నెట్‌ని రాసుకుంటూ కొట్టేవాడికి అది ఔటో, నెట్టో.

బేస్‌లైన్_బాబు:
అయితే అమెరికా ఆటగాడు పీట్ సంప్రాస్ కథా ఇదేనా? 1994లో రోమ్ టైటిల్, 1995 పారిస్‌లో మొదటి రౌండ్, 1996లో సెమీస్.

ఎర్రమట్టి_రంగడు:
చాలావరకు ఇదే. మన సానియా మీర్జాని చూడండి. గట్టి ఫ్లాట్ ఫోర్‌హ్యాండ్. పారిస్ సింగిల్స్‌లో రెండో రౌండ్ దాటలేదు. అదే చోట 2011లో డబుల్స్ ఫైనల్, 2012లో భూపతితో మిక్స్‌డ్ టైటిల్. డబుల్స్‌లో కాపాడుకోవాల్సింది సగం కోర్టే, పాయింట్లూ పొట్టివి, ఆ ఫోర్‌హ్యాండ్ తిరిగొచ్చే లోపు నెట్ దగ్గర భాగస్వామి కాచుకుని ఉంటారు.

ఫోర్‌హ్యాండ్_పిచ్చోడు:
ఇది ఒప్పుకుంటా. వాన మాత్రం ఇంకా ఒప్పుకోను.