వెల్డర్‌గా చేరితే గ్రైండింగే ఇస్తున్నారు

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
ఐటీఐలో ఏడాది వెల్డర్ ట్రేడ్ చదివి పాసయ్యాను. ఇక్కడే ఒక గేట్లు, గ్రిల్స్ షాపులో చేరి ఎనిమిది నెలలైంది. వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ నా చేతికి ఇవ్వరు. గ్రైండింగ్, రెడ్ ఆక్సైడ్ పూయడం, వచ్చినవాళ్లకి ఒడియాలో రేటు చెప్పడం, ఇవే నా పనులు. నాతో చదివిన అబ్బాయికి రోజుకి 150 ఎక్కువ. అడిగితే "కళ్లు పోతాయమ్మా, పెళ్లి కావాల్సిన పిల్లవి" అంటారు. వాడి కళ్లు పోవా?

రాయగడ అక్క:
నేను ఎలక్ట్రీషియన్‌ని చెల్లీ, పదకొండేళ్లుగా. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లోనూ అదే మాట: ఒకే పనికి ఆడా మగా తేడా చూపకూడదు, పనిలోకి తీసుకోవడంలో కూడా. మెలిక ఎక్కడంటే, నీకు గ్రైండింగే ఇస్తే "పని వేరు కదా" అని తప్పించుకుంటారు. కాబట్టి ముందు హోల్డర్ పట్టు. భోజనాల వేళ తుక్కు ముక్కల మీద చెయ్, ఫోటోలు దాచుకో.

గుణుపూర్ మేస్త్రి:
3.15 మిల్లీమీటర్ల రాడ్డుకి మెషీన్ 110 ఆంపియర్ల దగ్గర పెట్టి మొదలుపెట్టమ్మా, నిలువు అతుకుకి కాస్త తగ్గించు. గ్లౌజులు నీ సైజువే కొనుక్కో. వదులువైతే చెయ్యి వణుకుతుంది, అందరూ భయం అనుకుంటారు.

పర్లాకిమిడి నుంచి:
నిన్న చేశాను. మూడు రాడ్లు అంటుకుపోయాయి, నాలుగోది నిలిచింది. ఓనర్ చూశాడు, ఏమీ అనలేదు.