సమస్యాపూరణం: "అచ్చు లేని భాష యందగించె"

పెన్నగట్టు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు కట్టి, ఈ మాట నిజమే అనిపించాలి. విషయం, కుర్రకారు అచ్చులు తీసేసి పంపే మెసేజీల తెలుగు. అచ్చంటే అ, ఆ, ఇ, ఈ లొక్కటే కాదు. పుస్తకం పడేదీ అచ్చే, మగ్గంలో ఉండేదీ అచ్చే. 'భాష యందగించె'లో యడాగమం (రెండు అచ్చుల మధ్య చేరిన 'య') తీసేస్తే అకారానికి అకారమే యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం). దాని గురించి టెన్షన్ వద్దు.

కందుకూరు మాస్టారు:

వేలు పరుగు దీయ వేగమె ఫోనులో
హల్లులే మిగిలిన వల్లిబిల్లి
తాత తలను బట్ట, తమ్ముడో మురిసెరా
అచ్చు లేని భాష యందగించె.

పేపర్లు దిద్దే చేత్తో రాశాను. తెలుగు పరీక్షలో కూడా 'నువ్వు' అనాల్సిన చోట ఇంగ్లీషు 'యూ' ఒక్కటి గీసి వదిలేసేవాళ్ళున్నారు.

పెన్నగట్టు:
ధార బాగుంది. రెండో పాదంలో హల్లు–అల్లి ప్రాసయతి (యతి చోట రెండో అక్షరాలు కలవడం), పైగా హ–అ మైత్రి (యతికి చెల్లే జత) కూడా ఉంది. కానీ మాస్టారూ, సమస్యని ఎగతాళిగా తిప్పి దాటేశారు. పూరణ చదివాక 'నిజమే, అందగించింది' అనిపించాలి. తమ్ముడు మురిశాడే గానీ మనం మురవలేదు.

గూడూరు నిమ్మకాయ:
పద్యం లేదు, ఒక్క మాట చెప్పి పోతా. పిల్లలు అచ్చులు పీకేసింది తెలుగు లిపిలో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో. మామూలు ఎస్సెమ్మెస్సులో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70. అందులోనూ 'స్త్రీ' అని రాస్తే మనకి ఒక అక్షరం, ఫోను లెక్కలో ఆరు. తమాషా ఏంటంటే తెలుగు లిపిలో అచ్చు తీసేస్తే పొదుపు కాదు, ఖర్చు! 'క' ఒకటి, 'క్' రెండు, పొల్లు అదనం కదా. ఇక బటన్ ఫోన్లో 'ఎస్' కోసం ఏడో అంకె నాలుగుసార్లు నొక్కినవాడు అచ్చుల మీద జాలి చూపిస్తాడా?

మైపాడు అల:
అన్నా, ఇదే ఫస్ట్ టైమ్. తిట్టొద్దు.

డబ్బు మిగులునంచు డజనక్షరములలో
నమ్మ కొకటి పంపె నాకలంచు
తల్లి దాని చదివి అన్నము వండగా
అచ్చు లేని భాష యందగించె.

ఒంగోలు గిత్త:
మెసేజ్ కుదిస్తే డబ్బు మిగలడమేంది? ఇప్పుడు నెట్ ఉంటే మెసేజ్ ఉట్టిదే కదా. అది మా కాలం సంగతి. పండగ రోజు మెసేజ్ ప్యాక్ పనిచేయదని సంక్రాంతి శుభాకాంక్షలు ముందు రోజే పంపేవాళ్ళం. 2011లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకి వంద మెసేజీలే అని కట్టడి పెట్టి, తర్వాత రెండొందలు చేసింది. ఖర్చు పోయింది, పొట్టి రాత మిగిలింది. అంటే అది అవసరం దాటి స్టైల్ అయిపోయింది.

పెన్నగట్టు:
మైపాడు అలా, తిట్టను. మూడో పాదంలో త–అ యతి చెల్లదు, 'చదివి అన్నము' విసంధి (సంధి చేయకుండా వదిలేయడం) కూడా. 'తల్లి దాని చదివి దబ్బున వండగా' అను. త–దలకి మైత్రి ఉంది, పైగా 'దబ్బున' మన మాట. మొదటి పాదంలో 'డబ్బు' ఉంది కాబట్టి చెవికీ బాగుంటుంది. 'డజనక్షరములు' దుష్టసమాసమే (ఇంగ్లీషు మాటకి సంస్కృతం మాట అతికించావు), కానీ నవ్వొచ్చింది, ఉంచెయ్. భావంలో మాత్రం మాస్టారి కన్నా నువ్వే సమస్యని గెలిచావు. అచ్చులు లేకపోయినా ఆకలి చేరాల్సిన చోటికి చేరింది.

పొదలకూరు పిల్లోడు:

పుస్తకమున లేని పొలముగట్టు పలుకు
యాసతోడ జేరె యాపులోకి
నేడు చాటులోన నెల్లూరు పలికెను
అచ్చు లేని భాష యందగించె.

మా క్లాస్ గ్రూపులో 'ఎక్కడ ఉన్నావు' అని రాస్తే నవ్వుతారు. 'యాడుండావబ్బా' అనే రాయాలి. బళ్ళో ఇట్టా రాస్తే ఎర్ర ఇంకు పడేది.

పెన్నగట్టు:
ఇదీ పూరణ! అచ్చుని ముద్రణ చేసేశావు. 'యాపులోకి' వ్యాకర్తలు ఒప్పుకోరు, నేను ఒప్పుకున్నా. 'చాటు'లో చాటింగూ ఉంది, చాటువూ (నోటి మీద తిరిగే సరదా పద్యం) ఉంది. ఒక్క లోపం: 'పలికెను' తర్వాత 'అచ్చు' వస్తే సంధి జరిగి 'పలికె నచ్చు' కావాలి. 'పలికెరా' అని మార్చు. అల పద్యంలో 'వండగా'కీ ఇదే చిక్కు, 'వండెరా' అంటే సరి.

కందుకూరు మాస్టారు:
యాస దాకా సరే, ఒప్పుకుంటా. 848 నాటి పండరంగడనే సేనాని అద్దంకి శాసనంలో తరువోజ అనే పద్యం ఉంది. రాతి మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదల్లేదు. ఇరుకు చోట రాసేవాడు ఏదో ఒకటి వదులుకుంటాడు, అదీ తెలుసు. కానీ ఆ చెక్కినవాడికి పూర్తి రాత వచ్చు. మా పిల్లల్లో కొందరికి పొట్టి రాత ఒక్కటే వస్తోంది. ఆ తేడా ఏ పూరణలోనూ రాలేదు.

మైపాడు అల:
మాస్టారూ, నాకు రెండూ వచ్చు. ఆటవెలది గణాలు కూడా వాట్సాప్‌లోనే నేర్చుకున్నా.

పెన్నగట్టు:
మాస్టారి మాట మీద ఎవరైనా పద్యం కడితే ఇక్కడే పెట్టండి, గడువు లేదు. వచ్చే వారానికి ఆటవెలది నాలుగో పాదమే:

నీలిగీత పడగ నిద్ర పోయె