డాకింగ్‌లో గ్లైకోసైడ్లే (చక్కెర అతుక్కున్న అణువులే) పైకొస్తున్నాయి, ర్యాంకింగ్ ఎలా సరిచేయాలి?

క్యాన్సర్ మందులు గురిపెట్టే ఎంజైమ్ ఈజీఎఫ్ఆర్ కైనేజ్ మీద (ప్రోటీన్ నిర్మాణాల భాండారం పీడీబీలో 1ఎం17, ఎర్లోటినిబ్ అనే మందుతో ఉన్నది, స్పష్టత 2.6 ఆంగ్‌స్ట్రామ్) మొక్కల ఫ్లేవనాయిడ్లను ఆటోడాక్ వినా ప్రోగ్రామ్‌తో డాక్ చేస్తున్నాం, అంటే అవి ప్రోటీన్‌లో ఎలా అమరుతాయో కంప్యూటర్‌లో లెక్కిస్తున్నాం. నీటి అణువులన్నీ తీసేశాం. ఎర్లోటినిబ్ కేంద్రంగా 22 ఆంగ్‌స్ట్రామ్‌ల బాక్స్, ఎగ్జాస్టివ్‌నెస్ (వెతుకులాట తీవ్రత) 32. ఎర్లోటినిబ్‌నే మళ్లీ డాక్ చేస్తే క్వినజోలిన్ వలయం సరిగ్గా దాని చోటే కూర్చుంటోంది, ప్రోటీన్‌లోని 769వ అమైనో ఆమ్లం మెథియోనిన్ (మెట్769)తో హైడ్రోజన్ బంధమూ ఉంది. ఆర్‌ఎంఎస్‌డీ (అసలు స్థానం నుంచి పరమాణువుల సగటు తేడా) మాత్రం 2 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతోంది. పాకెట్ (ప్రోటీన్‌లో అణువు దిగే గుంట) బయటికి వేలాడే రెండు ఈథర్ తోకలే కారణం. వాటిని వదిలేసి వలయాల మీదే లెక్కిస్తే సమీక్షకులు ఒప్పుకుంటారా?

అసలు చిక్కు ర్యాంకింగ్‌లో ఉంది. ఎర్లోటినిబ్‌లో హైడ్రోజన్ కాని పరమాణువులు 29, రూటిన్ అనే గ్లైకోసైడ్‌లో 43. వినా స్కోరు పెద్ద అణువులవైపు మొగ్గుతుంది కాబట్టి రూటిన్ లాంటివే పైన తేలుతున్నాయి. చక్కెర భాగమేమో పాకెట్‌లోకి దిగనే లేదు, అంచు మీద అతుక్కుని ఉంది! స్కోరును పరమాణువుల సంఖ్యతో భాగిస్తే ఈసారి గాలిక్ ఆమ్లం లాంటి చిన్నవి ఎగబాకుతున్నాయి. మరి గ్లైకోసైడ్లను, అగ్లైకోన్లను (చక్కెర లేని రూపాలను) విడివిడిగా ర్యాంక్ చేయడం మేలా, లేక మెట్769 బంధం లేని పోజులన్నీ (అమరికలన్నీ) ముందే కొట్టేయాలా?

ఇంకోటి: థ్రి766 (766వ స్థానంలోని థ్రియోనిన్) దగ్గరి నీటి అణువును ఉంచి డాక్ చేసినవాళ్లుంటే, క్వెర్సెటిన్ (రూటిన్ అగ్లైకోన్) పోజు మారిందా చెప్పండి. క్యాటెకాల్ (పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్‌లున్న బెంజీన్ వలయం) ఉన్నవాటిని, పరీక్షల్లో తప్పుడు ఫలితాలిచ్చే అణువులను ఏరేసే పెయిన్స్ ఫిల్టర్‌తో ఎటూ పక్కన పెడుతున్నాం, దాని మీద చర్చ అక్కర్లేదు.